దురద బిడ్డకి, నింద తల్లికి

"కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నారు?"

మా అమ్మాయికి నాలుగో నెలలో బుగ్గలు కందిపోయి, నీరుకారి, పక్కులు కట్టినప్పుడు నన్ను మొదట అడిగిన ప్రశ్న ఇది. అడిగింది మా అత్తగారు కాదు, పక్కింటి పిన్నిగారు కాదు. ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రిలో డాక్టరు. రెండో ప్రశ్న, "ఉద్యోగం చేస్తారా? మరి పాపనెవరు చూసుకుంటారు?" మూడోది, "ఇల్లు శుభ్రంగా ఉంటుందా?" మూడు ప్రశ్నలూ నాకే. పక్క కుర్చీలో కూర్చున్న నా సహచరుణ్ణి ఆయన ఒక్క మాట కూడా అడగలేదు. అడిగి ఉంటే, అతనికి చిన్నప్పటినుంచీ ఉబ్బసం ఉందనీ, ఏడాది పొడుగునా తుమ్ములతో బాధపడతాడనీ తెలిసేది. ఆ గదిలో ఆ జబ్బుకు సంబంధించిన అసలు సమాచారం అదొక్కటే. దాన్ని వదిలేసి ఆయన నా వంటగదిని విచారించాడు.

సమాజశాస్త్రంలో డాక్టరేట్ ఉన్నదాన్ని. పితృస్వామ్యం గురించి పాఠాలు చెప్పినదాన్ని. అయినా ఆ రోజు తల దించుకుని, ఏడో నెలలో తిన్న రొయ్యలకూర గుర్తుచేసుకుంటూ ఇంటికొచ్చాను. అంత చదువుకున్న నేనే అట్లా కుంగిపోతే, మాట్లాడే అవకాశమే లేని ఆడవాళ్ల సంగతేమిటి?

పదకొండేళ్ల తర్వాత ఇప్పుడీ వ్యాసం రాయడానికి కారణం నా పాత కోపం ఒక్కటే కాదు. మన ఉద్యమం మీద కూడా నాకో ఫిర్యాదుంది. స్త్రీల ఆరోగ్యం గురించి మనం దశాబ్దాలుగా మాట్లాడుతున్నాం. కాన్పులు, కుటుంబ నియంత్రణ ఇంజెక్షన్లు, అనవసరంగా గర్భసంచులు తీసెయ్యడం, రక్తహీనత - వీటన్నిటి మీదా పోరాడాం. చర్మం గురించి మాత్రం మాట్లాడలేదు. చర్మం అనగానే మనకి అందం గుర్తొచ్చింది. అందం అనగానే అందాల పోటీలు గుర్తొచ్చాయి. అది మన విషయం కాదనుకున్నాం. మనం వదిలేసిన ఆ చోటుని క్రీముల వ్యాపారం ఆక్రమించింది. చర్మవ్యాధి అందానికి సంబంధించిన సమస్య కాదు, నిద్రకీ, శ్రమకీ, కూలికీ, చివరికి రేషన్‌ బియ్యానికీ సంబంధించిన సమస్య అన్నదే ఈ వ్యాసం వాదన.

అసలు ఇది ఏం జబ్బు?

ఎటోపిక్ డెర్మటైటిస్ అన్న పేరు 1933లో వైజ్, సల్జ్‌బర్గర్ అనే ఇద్దరు అమెరికన్ చర్మవైద్యులు పెట్టింది. వాడుకలో ఎగ్జిమా అంటారు. మన చర్మం పైపొరని ఇటుకల గోడ అనుకుందాం. ఇటుకల మధ్య సున్నం సరిగా లేకపోతే లోపలి తడి బయటికి పోతుంది, బయటి సబ్బులు, దుమ్ము, సూక్ష్మజీవులు లోపలికి చొరబడతాయి. శరీరంలోని రక్షణ వ్యవస్థ వాటిమీద అవసరానికి మించి విరుచుకుపడుతుంది. దాంతో వాపు, దురద. గోకితే గోడ ఇంకా కూలుతుంది, దురద ఇంకా పెరుగుతుంది. ఈ గోడని నిలబెట్టే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ తయారీకి కారణమయ్యే జన్యువులో లోపాలుంటే జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుందని 2006లో రుజువైంది. అందరు రోగుల్లోనూ ఆ లోపం ఉండదు. ఉన్నప్పుడు అది తల్లి నుంచీ రావచ్చు, తండ్రి నుంచీ రావచ్చు. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం, తుమ్ముల జబ్బు, ఎగ్జిమా ఉన్నాయా అన్నదే డాక్టరు మొదట అడగవలసిన ప్రశ్న.

ఎక్కువమందిలో ఇది అయిదేళ్లలోపే మొదలవుతుంది. పసివాళ్లకి బుగ్గల మీద, కొంచెం పెద్దయ్యాక మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక వస్తుంది. చాలామందికి వయసుతోపాటు తగ్గుతుంది. కొందరికి పెద్దయ్యాక కూడా చేతుల మీద, మెడ మీద, కనురెప్పల మీద మిగులుతుంది. ఇది అంటువ్యాధి కాదు. అశుభ్రత వల్ల రాదు. నిజానికి సబ్బుతో రుద్ది రుద్ది కడిగితే పెరుగుతుంది.

ఇక్కడ మన భాష కూడా మనని ఇబ్బంది పెడుతుంది. ఊళ్లో దురద పుట్టిన ప్రతిదాన్నీ గజ్జి అంటారు, లేదంటే తామర అంటారు. గజ్జి కంటికి కనపడని పురుగు వల్ల వస్తుంది. వేళ్ల సందుల్లో మొదలై రాత్రిపూట విపరీతంగా దురదపెడుతుంది, ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. ఇంటిల్లిపాదికీ ఒకేసారి మందు రాయాలి. తామర బూజు జాతి వల్ల వస్తుంది. చాలాసార్లు గుండ్రంగా అంచుకట్టి పాకుతుంది, అదీ అంటుకుంటుంది. ఎగ్జిమా ఈ రెండూ కాదు. మూడు జబ్బులకీ మూడు వేరువేరు మందులు. కానీ మెడికల్ షాపులో చాలాసార్లు మూడింటికీ ఒకటే ట్యూబు ఇస్తారు. హాస్టళ్లలో, అంగన్‌వాడీల్లో పనిచేసే కార్యకర్తలకి ఈ తేడా తెలిసి తీరాలి. ఎందుకంటే "గజ్జి పిల్ల" అన్న మాట ఊరికే పోదు. దళిత, ఆదివాసీ పిల్లల మీద పడినప్పుడు అది జబ్బు పేరుగా ఉండదు, వెనక బెంచీకి నెట్టే కులం మాటగా మారుతుంది.

పథ్యం పేరుతో ఆకలి

బిడ్డకి దురద వస్తే తల్లికి పథ్యం పెట్టడం మన ఇళ్లలో ఆచారం. వంకాయ వద్దు, గోంగూర వద్దు, గుడ్డు వద్దు, చేప వద్దు, పప్పు కూడా వద్దు. పాలిచ్చే తల్లి చారన్నంతో కడుపు నింపుకోవాలి. "తల్లి చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా" అన్న సామెత ఎక్కడ దాకా వచ్చిందో చూడండి. తల్లి ఏమీ మెయ్యకుండా చేస్తే దూడ బాగుపడుతుందట!

ఇందుకు ఆధారం లేదు. గర్భిణీలూ, పాలిచ్చే తల్లులూ గుడ్లు, పాలు, చేపలు మానెయ్యడం వల్ల బిడ్డకి ఎగ్జిమా రాకుండా ఆగుతుందని పరిశోధనల్లో తేలలేదు. కొందరు పిల్లలకి నిజంగానే ఆహార అలర్జీ ఉంటుంది. ఫలానాది తిన్న కాసేపటికే దద్దుర్లు, వాంతులు, ముఖం వాపు వస్తే వెంటనే డాక్టరుకి చూపించాలి. అప్పుడు కూడా మానవలసింది పరీక్షలో తేలిన ఆ ఒక్క పదార్థాన్నే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అట్లాంటి దేశంలో బాలింత కంచంలోంచి గుడ్డు తీసెయ్యడం వైద్యం కాదు. అది శిక్ష.

ఇంక ఆ బిడ్డని రాత్రిళ్లు ఎత్తుకు తిరిగేదెవరు? ఎగ్జిమా దురద రాత్రికి ఎక్కువవుతుంది. బిడ్డ నిద్రపోదు, తల్లి నిద్రపోదు. తెల్లవారి వంట, ఉద్యోగం, కూలి మామూలే. 2024 కాల వినియోగ సర్వే చెప్పింది చూడండి: జీతంలేని ఇంటిపని చేసేవాళ్లలో స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. డాక్టరు "రోజుకి రెండుసార్లు ఒళ్లంతా క్రీము రాయండి, గోళ్లు కత్తిరించండి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకండి, సబ్బు పోయేదాకా బట్టలు మూడుసార్లు జాడించండి" అని చీటీ రాస్తాడు. ఆ చీటీ ఎవరి 289 నిమిషాలకి ఇంకో గంట కలుపుతుందో వైద్యశాస్త్రం లెక్కపెట్టదు. తండ్రిని పిలిచి "పూత మీ బాధ్యత" అని చెప్పే డాక్టరు నాకింతవరకు తారసపడలేదు.

మనం చేతుల్లోకి తీసుకోవలసిన జ్ఞానం

నిందని తిప్పికొడితే సరిపోదు. ఏం చెయ్యాలో తెలియాలి. ఈ జబ్బుకి శాశ్వతంగా నయం చేసే మందు ఇంకా లేదు, కానీ దీన్ని బాగా అదుపులో పెట్టుకోవచ్చు.

మొదటిది తడి నిలపడం. గోరువెచ్చని నీళ్లతో అయిదు, పది నిమిషాల్లో స్నానం ముగించాలి. సున్నిపిండితో నలుగు పెట్టి రుద్దడం, క్రిమిసంహారక ద్రావణాలు నీళ్లలో కలపడం, స్నానం తర్వాత సాంబ్రాణి పొగ వెయ్యడం, ఇవన్నీ ఈ చర్మానికి హాని. మెత్తని గుడ్డతో అద్ది, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే పూత రాయాలి. ఖరీదైన మాయిశ్చరైజరే కానక్కర్లేదు. వాసన కలపని పెట్రోలియం జెల్లీ చాలు, పగుళ్లు లేనిచోట మంచి కొబ్బరినూనె కూడా పనిచేస్తుంది. ఆవనూనె చాలామందికి మంట పుట్టిస్తుంది. పూత ధారాళంగా రాయాలి. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు పిల్లలకి వారానికి 250 నుంచి 500 గ్రాముల దాకా సూచిస్తాయి. మన షాపుల్లో అమ్మేది 50 గ్రాముల ట్యూబు! కూలికి పోయే తల్లి ఆ ట్యూబుని నెలరోజులు పొదుపుగా వాడుతుంది. తర్వాత "చెప్పినట్టు చెయ్యలేదు" అని తిట్లు తింటుంది.

రెండోది వాపు తగ్గించడం. దీనికి స్టెరాయిడ్ పూతమందులు ముఖ్యం. సరైన బలం ఉన్నది, సరైనచోట, సరైనన్ని రోజులు, డాక్టరు పర్యవేక్షణలో రాస్తే అవి క్షేమమే. పెద్దవాళ్ల చూపుడువేలి చివరి కణుపు పొడవునా ట్యూబులోంచి పిండిన మందు దాదాపు అర గ్రాము. అది రెండు అరచేతులంత చోటుకి సరిపోతుంది. ముఖానికీ, మడతలకీ బలం తక్కువ మందులు, లేదా స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ లాంటివి వాడతారు. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకి కొత్త మందులొచ్చాయి. డుపిలుమాబ్ ఇంజెక్షన్‌కి 2017లో అమెరికాలో అనుమతి దొరికింది. దాని ధర మాత్రం మనలో చాలామందికి అందేది కాదు.

మూడోది ప్రమాదం గుర్తించడం. పుండ్లు చీముపట్టినా, జ్వరం వచ్చినా, నొప్పితో నీటిపొక్కులు గుంపుగా లేచినా ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

నాలుగోది మన రంగు. పాఠ్యపుస్తకాల్లో ఎగ్జిమా అంటే తెల్లతోలు మీద ఎర్రమచ్చ. మన నల్లని, చామనచాయ ఒంటిమీద అది ఊదాగా, ముదురు గోధుమరంగుగా, బూడిదరంగుగా కనపడుతుంది. ఎరుపు కోసమే వెతికే కన్ను మన జబ్బు తీవ్రతని తక్కువగా అంచనా వేస్తుంది. వాపు తగ్గాక మిగిలే నల్లమచ్చలకో తెలుపు క్రీము అంటగడుతుంది.

ట్యూబుల వ్యాపారం

అక్కడే అసలు దోపిడీ మొదలవుతుంది. స్టెరాయిడ్ రాస్తే చర్మం తాత్కాలికంగా తెల్లబడుతుంది, దురద ఒక్క పూటలో తగ్గుతుంది. ఈ రెండు గుణాలనీ వ్యాపారం అమ్ముకుంది. స్టెరాయిడ్, యాంటీబయోటిక్, బూజుమందు మూడూ కలిపిన ట్యూబులు ప్రతి దురదకీ సర్వరోగ నివారిణులయ్యాయి. చర్మం పొగాకు పొరలా పలచబడటం, ముఖమంతా మంట, మొటిమలు, నూగు వెంట్రుకలు, మానేస్తే ముందుకన్నా ఎక్కువగా తిరగబెట్టడం దీని ఫలితాలు. తామరకి ఇదే పూస్తే పైకి అణిగి లోపల పాకుతుంది. మొండి తామర దేశమంతా వ్యాపించడానికి ఈ ట్యూబులు ఒక కారణమని చర్మవైద్యులే చెప్తున్నారు.

2011లో వెలువడిన ఒక అధ్యయనంలో మన దేశంలోని చర్మవ్యాధుల విభాగాలకి ముఖం మీది సమస్యలతో వచ్చిన 2926 మందిని పరిశీలిస్తే, 433 మంది ముఖానికి స్టెరాయిడ్ పూస్తున్నారని తేలింది. వాళ్లలో దాదాపు 60 శాతం మందికి ఆ సలహా ఇచ్చింది డాక్టరు కాదు. ప్రభుత్వం 2016 మార్చిలో 344 మిశ్రమ మందుల్ని నిషేధించింది, కంపెనీలు కోర్టుకెక్కాయి, 2018 సెప్టెంబరులో మళ్లీ 328 మిశ్రమాల మీద నిషేధం వచ్చింది. వాటిలో చర్మానికి పూసేవీ ఉన్నాయి. అదే ఏడాది 14 రకాల స్టెరాయిడ్ పూతల్ని చీటీ లేకుండా అమ్మకూడదన్నారు. చట్టం ఉంది. మీ వీధి చివరి షాపుకి వెళ్లి అడిగి చూడండి, ఎంతవరకు అమలవుతోందో తెలుస్తుంది. 2020లో ఒక పెద్ద కంపెనీ తన క్రీము పేరులోంచి "ఫెయిర్" అన్న మాట తీసేసింది. మాట పోయింది. "పిల్ల కాస్త చాయ తక్కువ" అనే పెళ్లిచూపుల మార్కెట్ పోలేదు.

నేను చూడని చేతులు

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. మా అమ్మాయి కోసం సువాసనలేని సబ్బు, మెత్తని నూలు బట్టలు వెతికి వెతికి కొన్న నేను, అదే ఇంట్లో అంట్లు తోమే అక్క చేతుల్ని ఏళ్లతరబడి చూడలేదు. ఒకరోజు ఆమె రేషన్ షాపు నుంచి ఖాళీ సంచితో వచ్చింది. "మిషన్ల వేలు పడ్తలేదమ్మా. నాలుగుసార్లు పెట్టిన. రేపు రమ్మన్నడు" అంది. అప్పుడు చెయ్యి పట్టుకుని చూశాను. వేళ్ల చివర గీతలు అరిగిపోయి, చర్మం పగిలి, పగుళ్లలో రక్తం చెమ్మగా ఉంది. "ఎన్నాళ్లయింది అక్కా?" అంటే "రెండేండ్లయితుంది. మెడికల్ షాపాయన తామర మందిచ్చిండు, రాస్తనే ఉన్న" అంది.

ఆమె రోజుకి అయిదిళ్లలో పనిచేస్తుంది. అంట్ల సబ్బు, బట్టల సోడా, బ్లీచింగ్ పౌడరు, బాత్‌రూములో యాసిడ్. అన్నీ ఉత్త చేతులతోనే. రోజుకి రెండు గంటలకి మించి చేతులు తడిలో ఉండే పనిని జర్మనీ నిబంధనలు ప్రమాదకరమైన తడిపనిగా గుర్తిస్తాయి. ఆమె చేతులు ఆరేడు గంటలు తడిలోనే ఉంటాయి. చిన్నప్పుడు ఎగ్జిమా ఉన్నవాళ్లకి ఇట్లాంటి పనుల్లో చేతి ఎగ్జిమా వచ్చే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఆమెకీ చిన్నప్పుడు మోచేతుల్లో దురద ఉండేదట. వాళ్లమ్మ దాన్ని దేవత కోపమనుకుందట.

రసాయనాలు, రంగుల వల్ల వచ్చే చర్మవ్యాధిని 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రభుత్వానికి తెలియజేయవలసిన వృత్తివ్యాధుల జాబితాలో ఉంచింది. అయితే మన వంటిల్లు ఫ్యాక్టరీ కాదు. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన కొత్త కార్మిక నియమావళుల్లో వృత్తి భద్రతకి సంబంధించినది కూడా ప్రైవేటు ఇంటిని పని స్థలంగా లెక్కలోకి తీసుకోలేదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంటిపనిని కనీస వేతనాల పరిధిలోకి తెచ్చారు. అది కూలి గురించి, చేతుల గురించి కాదు. ఇంటిపనివారి హక్కుల మీద 2011లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడికని మన దేశం ఆమోదించలేదు. వేలిముద్ర పడలేదని రేషన్ ఆపకూడదని కేంద్రం 2017 అక్టోబరులోనే ఆదేశించింది. ఆ ఆదేశం గురించి ఆమెకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

"ఆకలి చావులు, హత్యలు, అత్యాచారాలు జరుగుతుంటే దురద గురించి రాస్తున్నావా?" అని ఒక స్నేహితురాలు అడిగింది. ప్రశ్న న్యాయమైనదే. కానీ వరకట్నం కూడా ఒకప్పుడు "ఇంటి విషయమే". చంపని జబ్బుని చిన్న జబ్బనుకోవడం ఆస్పత్రులకి అలవాటు. నిద్ర, పని, పెళ్లి, బడి, రేషన్ కార్డు అన్నిటినీ కొరుక్కు తినే జబ్బుని చిన్నదని మనం కూడా అంటే, మనకీ ఆ ఆస్పత్రులకీ తేడా ఏముంది?

అందుకని మన సంఘాల ముందు కొన్ని పనులు పెడుతున్నాను. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పెట్రోలియం జెల్లీ, సరైన స్టెరాయిడ్ పూతలు చిన్న ట్యూబుల్లో కాకుండా చాలినంత పరిమాణంలో ఉచితంగా ఇవ్వాలని అడుగుదాం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సల కోసం పుట్టిన పథకం. ఎప్పుడూ చేరాల్సిన పని రాని, ఎప్పటికీ వదలని జబ్బులకి కూడా చోటు కావాలని అడుగుదాం. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తల శిక్షణలో గజ్జి, తామర, ఎగ్జిమా తేడా చేర్చాలి, మన రంగు చర్మం బొమ్మలతో. చీటీ లేకుండా స్టెరాయిడ్ అమ్మే షాపుల మీద ఔషధ నియంత్రణ అధికారులకి మన పేర్లతో, తేదీలతో రాతపూర్వకంగా ఫిర్యాదులిద్దాం. వేలిముద్ర పడనివాళ్లకి కంటిపాప, ఓటీపీ, రిజిస్టరు సంతకం ఏదో ఒక దారి అక్కడే, అప్పుడే తెరవాలని ప్రతి రేషన్ షాపు దగ్గరా బోర్డు పెట్టిద్దాం.

ఇంకొక పని మన ఇళ్లలోనే ఉంది. లోపల నూలు గ్లవుజులు, పైన రబ్బరు గ్లవుజులు, సింకు పక్కన ఒక జెల్లీ డబ్బా, చేతులు పగిలిన రోజుల్లో జీతం కొయ్యని సెలవు. ఇది దయ కాదు, పనిచేయించుకునే వాళ్ల బాధ్యత. మా ఇంట్లో ఈ పని రెండేళ్లు ఆలస్యంగా మొదలైంది. ఆ అక్క వేళ్ల పగుళ్లు మానడానికి అయిదు నెలలు పట్టింది. మిగిలిన నాలుగిళ్లలో గ్లవుజులు అడగడానికి ఆమె ఇంకా భయపడుతోంది. ఆ నాలుగిళ్లలో రెండు ఈ పత్రిక తెప్పించుకునే ఇళ్లే.